కాగు అడుగున సున్నపురాయి

ధనుర్మాసము వచ్చిందంటే పల్నాటి పల్లెలలో మనుషుల కన్న ముందు పెరటి పొయ్యిలు మేలుకొంటాయి. వేసవి ఎండలకు రెంటచింతల రాష్ట్రమంతటా పేరుపడినది. అయినా ఆ సీమలోనే డిసెంబరు, జనవరి నెలలలో చన్నీటి చెంబు ఎత్తడానికి చేయి వెనుకాడుతుంది. పత్తి కట్టె, కంది కంప, సర్కారు తుమ్మ, ఏది దొరికితే దానితో కాగులో నీళ్లు కాస్తారు. నరసరావుపేట, మాచర్ల, గురజాల వంటి ఊళ్లలో కొన్ని పాత ఇళ్లకు రాగి బాయిలరు కూడ ఉన్నది. కరెంటు హీటర్లు వచ్చిన తరువాత కూడ, భోగి నాటి తలంటుకు కట్టెల పొయ్యి మీద కాగిన నీళ్లే కావాలనే పెద్దలు లేకపోలేదు.

ఒక శీతకాలము వాడిన కాగు లోపల తడిమితే గరుకైన తెల్లని పెచ్చు చేతికి తగులుతుంది. బయట నల్లని మసి సరేసరి. ఈ రెంటిలో కట్టెలను ఎక్కువగా దండుగ చేసేది ఏది? తెల్లదే అని చాలమంది అంటారు.

ముందు ఆ తెల్లదాని పుట్టుక చూడాలి. పల్నాడు సున్నపురాతి నేల. ఇళ్లలో పరచుకొనే నాపరాళ్లకు, పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు, మాచర్ల సిమెంటుకు ఆ రాయే ఆధారము. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు శిల్పులు ఉలి పెట్టినది కూడ సున్నపురాతి మీదనే. వాననీరు గాలిలో నుంచి, అంతకన్న ఎక్కువగా మట్టిలో నుంచి, కార్బన్ డయాక్సైడును కలుపుకొని కొంచెము ఆమ్లగుణము పొందుతుంది. ఆ నీరు రాతి పగుళ్లలో దిగేటప్పుడు, మామూలు నీటిలో కరగని కాల్షియం కార్బొనేటు కాల్షియం బైకార్బొనేటుగా మారి కరిగిపోతుంది. సబ్బు నురుగు రానీయని ‘చవ్వ నీళ్లు’ ఇవే. పాఠ్యపుస్తకాలలో కఠిన జలము అన్నది వీటినే.

కాగులో జరిగేది దీనికి సరిగా తలక్రిందులు. వేడికి బైకార్బొనేటు విడిపోయి వాయువు గాలిలో కలుస్తుంది, కార్బొనేటు లోహానికి అంటుకొంటుంది. గుట్టలో కరిగిన రాయి కాగు అడుగున మళ్లీ రాయి అయినదన్నమాట. లీటరు నీటిలో 300 మిల్లీగ్రాముల కార్బొనేటుకు సరిపడే కాఠిన్యము ఉన్నదనుకొంటే, రోజుకు 40 లీటర్ల చొప్పున మూడు నెలలలో ఆ కాగు గుండా పోయే రాయి ఒక కిలోకు పైబడుతుంది! అంతా పేరుకోదు. నీళ్లు మరిగించకుండా వేడిచేసినంత మాత్రాన చాల భాగము నీటితోనే వెళ్లిపోతుంది. మరిగించే అలవాటు ఉన్న ఇంట పెచ్చు త్వరగా ఎదుగుతుంది.

ఇప్పుడు కట్టెల లెక్క. 40 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు తేవడానికి 800 కిలోకెలోరీలు కావాలి. బాగా ఎండిన కట్టె కిలోకు సుమారు 3600 కిలోకెలోరీలు ఇస్తుంది. కనుక పావుకిలో కట్టె చాలవలె. చాలదని నీళ్లు కాచే వారందరికీ తెలుసు. మూడు రాళ్ల పొయ్యిలో పదింట ఒక వంతో, అంతకు కొద్దిగా ఎక్కువో మాత్రమే నీటికి చేరుతుంది. తక్కినది పొగతో, గాలితో పోతుంది. అందుచేత ఖర్చు రెండు కిలోల దాకా వస్తుంది. కట్టె పచ్చిదైతే నష్టము ఇంకా ఎక్కువ: దానిలోని ప్రతి కిలో నీరు ఆవిరి కావడానికి 600కు పైగా కిలోకెలోరీలు తానే తీసుకొంటుంది.

ఉష్ణము మంట నుంచి నీటికి పోయే దారిలో అన్నిటికన్న పెద్ద అడ్డు లోహము కాదు, పెచ్చు కూడ కాదు. లోహాన్ని అంటిపెట్టుకొని ఉండే పలుచని వాయువు పొర. వాయువులు అధమ వాహకాలు. ఆ పొరను దాటి వచ్చిన ఉష్ణానికి ఒకటి రెండు మిల్లీమీటర్ల తెల్ల పెచ్చు పెద్ద లెక్క కాదు. మసి సంగతి వేరు. సన్నని గాలి అరలతో నిండిన మసి ఒక మిల్లీమీటరు మందమున్నా, ఎన్నో మిల్లీమీటర్ల పెచ్చుకు సాటి వస్తుంది. అడుగు పలుచగా నల్లబడితే నష్టము లేదు. నలుపు మంట వికిరణాన్ని బాగా గ్రహిస్తుంది కూడ. దళసరిగా అట్టకట్టిన మసినే వారానికొకసారి గీకి తీయాలి. పొయ్యి మీద పెట్టేముందు కాగు అడుగుకు బూడిద కలిపిన మట్టి పలుచగా పూయడం పాత అలవాటు. దానివల్ల కట్టె ఖర్చు పెరగదు, తోమే చేతులకు శ్రమ తగ్గుతుంది.

అయితే తెల్ల పెచ్చు నిరపరాధి కాదు. దాని నేరము వేరొకటి. ఆకు దొన్నెలో నీళ్లు పోసి చిన్న మంట మీద పట్టుకొంటే, నీరు తగిలినంత మేర ఆకు కాలదు. నీరు ఉష్ణాన్ని ఎప్పటికప్పుడు లాగుకొంటుంది, తాను 100 డిగ్రీలు దాటదు. ఉపాధ్యాయుడు దగ్గర ఉండి తరగతిలో దీనిని చూపించవచ్చు. రాగికీ నీటికీ మధ్య అయిదారు మిల్లీమీటర్ల పెచ్చు అడ్డుపడితే లోహము అనేక పదుల డిగ్రీలు అదనముగా వేడెక్కుతుంది. రాగి 1085 డిగ్రీల దాకా కరగదు గాని, తగరము, సీసము కలిపి వేసిన మాటు 183 డిగ్రీల దగ్గరనే మెత్తబడుతుంది. ‘నిన్నటి దాకా బాగున్నది, ఈ వేళ కారుతున్నది’ అనే బాయిలరు కథ తరచు ఇదే. నీళ్లు లేకుండా నిప్పు వేస్తే మాటు నిమిషాలలో ఊడుతుంది. నీళ్లు ముందు, నిప్పు తరువాత. నిప్పు పూర్తిగా ఆరకముందు నీళ్లు మొత్తము తీసివేయరాదు.

బాయిలరులో నిప్పు నడిమి గొట్టములో ఉంటుంది, నీరు దాని చుట్టూ ఉంటుంది. పక్కలకు పోయే వేడి కూడ నీటికే అందుతుంది గనుక కట్టె తక్కువ పడుతుంది. కొన్నిటిలో పైనున్న గరాటులో పోసిన చన్నీళ్లు గొట్టము వెంట అడుగుకు దిగుతాయి. తేలికైన వేడినీళ్లు పైకి నెట్టబడి పక్క మూతి నుంచి వస్తాయి. సంవహనానికి ఇంతకన్న మంచి ఉదాహరణము ఇంట్లో దొరకదు. ఆ గరాటును, మూతిని రెంటినీ ఎన్నడూ బిగించరాదు. ఆవిరికి దారి లేకపోతే పాత్ర పగులుతుంది.

పెచ్చు తీయడానికి చింతపండు అంత మంచిది కాదు. రాగి బయటి చిలుము వదిలించడంలో దానికి సాటి లేదు గాని, దానిలోని టార్టారిక్ ఆమ్లము కాల్షియంతో కలిసి మళ్లీ కరగని లవణాన్నే ఇస్తుంది. వెనిగర్ మేలు, కాల్షియం ఎసిటేటు నీటిలో కరిగిపోతుంది. గోరువెచ్చని నీటిలో కలిపి రెండు మూడు గంటలు ఉంచితే బుడగలు వస్తాయి. వాయువును సున్నపు తేటలోకి పంపితే అది పాలవలె తెల్లబడుతుంది. గుట్టలో రాతిని కరిగించిన వాయువు ఇదే. ఆ నీళ్లు పారబోసి రెండుసార్లు కడగాలి. బజారులో అమ్మే మరుగుదొడ్ల ఆసిడ్‌ మాత్రము వాడరాదు. అది మాటును, ఇత్తడి కుళాయిని కూడ తింటుంది.

ప్రాణాలకు సంబంధించిన మాటలు రెండు. బొగ్గులు వేసిన బాయిలరును తలుపులు మూసిన స్నానాలగదిలో పెట్టరాదు. గాలి చాలక పుట్టే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబినును ప్రాణవాయువు కన్న 200 రెట్లకు మించిన బలముతో పట్టుకొంటుంది. దాని చోటు పెరడే. ఇక 60 డిగ్రీల నీరు అయిదు సెకనులలోనే పెద్దవారి చర్మాన్ని కాల్చగలదు, పసివారికి అంత సేపు కూడ పట్టదు. గంగాళములో ముందు చన్నీళ్లు, తరువాత వేడినీళ్లు పోసి, మోచేయి ముంచి చూసిన పిమ్మటనే బిడ్డను దగ్గరకు రానీయాలి.

కాచిన నీళ్లే గదా అని వీటిని వంటకు, తాగడానికి తోడుకోవడం కూడ మంచిది కాదు. పల్నాటిలో కొన్ని ఊళ్ల బావినీటిలో ఫ్లోరైడు ఉన్నది. కాస్తే అది పోదు, నీరు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది.

శివరాత్రికి చలి పోతుందంటారు. ఆ తరువాత కాగును కడిగి, ఎండలో ఆరనిచ్చి, బోర్లించి దాచాలి. అడుగున తడి నిలిస్తే మరుసటి ధనుర్మాసానికి పచ్చని చిలుము పడుతుంది.