ఒక యంత్రంలో నిలవ... ల్యాబంతటికీ వాడకం

ఒక బడి ల్యాబులో ముప్పై కంప్యూటర్లున్నాయనుకోండి. ఇంటర్నెట్ కనెక్షను ఒకటే. దాని వేగం సెకనుకు 8 మెగాబిట్లు. 100 మెగాబైట్ల సాఫ్ట్‌వేరును ఒక కంప్యూటరులోకి దింపుకోవాలంటే 100 సెకన్లు చాలు. ముప్పైటిలోనూ విడివిడిగా దింపుకోబోతే ఆ సన్నటి దారిలోనే 3,000 మెగాబైట్లు రావాలి. యాభై నిమిషాలు పడుతుంది. ఈలోగా గంట కొట్టేస్తారు. పిల్లలు తెర వంక చూసి లేచిపోతారు. వారానికి ఒకటో రెండో కంప్యూటరు పీరియడ్లుండే బడిలో ఇది చిన్న నష్టం కాదు. “నెట్ రావడంలేదు” అని సరిపెట్టుకుంటున్నాం గాని, ఇందులో మన వాడకం లోపమూ ఉంది.

ఊరికి ఒక బోరు వేసి, నీళ్లు ట్యాంకుకెక్కించి, కుళాయిలకు వదులుతాం. ఇంటికో బోరు వేయం కదా! అలాగే ల్యాబులో ఒక కంప్యూటరును ట్యాంకులా వాడుకోవాలి. దానినే సర్వరంటారు. కంప్యూటర్లను కలిపే తీగలు సెకనుకు 100 మెగాబిట్లు, కొత్త పరికరాలైతే 1,000 మెగాబిట్లు మోస్తాయి. సాఫ్ట్‌వేరు సర్వరులోకి ఒక్కసారి దిగితే చాలు. అక్కడినుంచి మిగతావాటికి పంచడం లెక్కప్రకారం నాలుగైదు నిమిషాల పని. దానికి బయటి నెట్‌తో నిమిత్తం లేదు.

విండోస్ అప్‌డేట్లకు సర్వరు కూడా అక్కరలేదు. ఒక కంప్యూటరు దింపుకున్నది పక్కదానికి ఇచ్చే వీలు 2015లో వచ్చిన విండోస్ 10 నుంచీ ఉంది. సెట్టింగుల్లో ‘డెలివరీ ఆప్టిమైజేషన్’ తెరిచి, స్థానిక నెట్‌వర్కు వరకే అనుమతించాలి. లేకుంటే బడి నెట్ బయటివారికీ ఖర్చు కావచ్చు.

నెట్ అసలే లేని రోజుకూ ఉపాయముంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ‘కీవిక్స్’ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో దాని వ్యాసాలను ఒకే ఫైలుగా సర్వరులో ఉంచితే, ముప్పై కంప్యూటర్లలోనూ బ్రౌజరులో చదువుకోవచ్చు. అయితే అవి దింపుకున్న నాటి వ్యాసాలే. ఏడాదికోసారైనా కొత్త ఫైలు తెచ్చుకోవాలి.

ఒకసారి చూసిన పేజీలను దాచి అందరికీ అందించే ‘స్క్విడ్’ వంటి ప్రాక్సీలు పూర్వం బాగా పనికొచ్చేవి. ఇప్పుడు చాలా సైట్లు పేజీలను గుప్తలిపిలో పంపుతున్నందున వాటి ప్రయోజనం తగ్గింది. ఎవరైనా దానినే సిఫారసు చేస్తే కొంచెం ఆలోచించండి.

ఒక్క జాగ్రత్త. డబ్బిచ్చి కొన్న సాఫ్ట్‌వేరును లైసెన్సు చూడకుండా ముప్పైటిలో వేయకూడదు. ఫైర్‌ఫాక్స్, లిబ్రె ఆఫీసు వంటి వాటికి ఆ చిక్కు లేదు. ఎన్ని కంప్యూటర్లలోనైనా వేసుకోవచ్చు. ఇక సర్వరుకు యూపీఎస్ తప్పనిసరి. కరెంటు టక్కున పోతే అందులోని ఫైళ్లు చెడిపోయే ప్రమాదముంది, అప్పుడు ల్యాబంతా ఆగిపోతుంది.