ట్రాక్టరు వెనుక చూపు – అద్దములు, కెమెరాలు

కోనసీమలో పొలమునకు పోవు దారి తరచు కాలువగట్టే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తియైన పిమ్మట విస్తరించిన కాలువలు మన చేలకు నీరిచ్చినవి. వాని గట్లు బండ్లకు బాటలైనవి. ఎడ్లబండికి చాలిన ఆ బాటమీదనే నేడు ట్రాక్టరు ట్రక్కుతో పోవుచున్నది. ఒక ప్రక్క నీరు, రెండవ ప్రక్క పల్లపు చేను. చేనేతకు పేరుగన్న బండారులంక వంటి గ్రామములలోనైతే ఇండ్లు దగ్గరగా నుండును; పిల్లలు వీధిలోనే ఆడుకొందురు. ఇట్టి తావులలో బండిని వెనుకకు నడుపునపుడు డ్రైవరుకు కనబడని కొద్దిపాటి చోటు ప్రాణము మీదికి తెచ్చును.

కనబడని చోటును గుర్తించుట

అద్దము కొనుటకు ముందే ఈ పరీక్ష చేయవలెను. ట్రాక్టరును ట్రక్కుతో సహా చదునైన కళ్లములో నిలిపి, ఇంజను ఆపి, బ్రేకు వేయవలెను. డ్రైవరు తన సీటులో కూర్చుండవలెను. మరియొకరు 3 అడుగుల కర్రకు ఎఱ్ఱగుడ్డ కట్టి బండి చుట్టును నడువవలెను. 3 అడుగులనగా చిన్నపిల్లవాని ఎత్తు. గుడ్డ కనబడని చోటనెల్ల ముగ్గుపిండి చల్లవలెను. ట్రక్కు వెనుక ఎంత నేల తెల్లబడునో చూచిన మీకే ఆశ్చర్యము కలుగును. అద్దమైనను, కెమెరాయైనను ఈ తెల్లని నేలను చూపుటకే.

అద్దములు

అద్దములు రెండు ప్రక్కల నుండవలెను. ట్రక్కు ట్రాక్టరుకంటె వెడల్పు గనుక, అద్దపు కాడ ట్రక్కు అంచును దాటి చూపునంత పొడవుండవలెను. కొబ్బరితోటలలో చెట్లకు తగులకుండ మడుచుటకు వీలైన కాడ మేలు. అద్దములో లోపలి అంచున ట్రక్కు ప్రక్క సన్నగాను, క్రింద వెనుక చక్రము నేలను తాకు చోటును కనబడునట్లు సరిచేయవలెను. ఉబ్బు అద్దము ఎక్కువ చోటు చూపును గాని, అందులో మనిషి చిన్నగా, దూరముగా తోచును. కావున దూరము అంచనా వేయుటకు చదును అద్దమును, చోటు చూచుటకు ఉబ్బు అద్దమును వాడవలెను.

కెమెరా

ట్రక్కు సరిగా వెనుకనున్నదానిని అద్దము చూపజాలదు. అమెరికాలో 2018 మే నుండి క్రొత్త కార్లన్నిటికి వెనుక కెమెరా తప్పనిసరి యైనది. చిన్న కారుకే అది అవసరమైనపుడు ఎండుగడ్డి నింపిన ట్రక్కు మాట వేరుగ చెప్పనేల?

ట్రాక్టరు బ్యాటరీ సాధారణముగా 12 వోల్టులది. దానికి సరిపడు, నీరు చొరని కెమెరాను ఎన్నుకొనవలెను. దిగుమతి చేయునపుడు వెనుక తలుపు క్రిందికి వ్రాలును గనుక, కెమెరాను తలుపునకు గాక చట్రమునకు బిగించవలెను. వైరుకు ఫ్యూజు ఉండవలెను. మలుపులలో తెగకుండ కొంత వదులుగా విడువవలెను. బిగించిన పిమ్మట ఒకరిని ట్రక్కు వెనుక ఎడమప్రక్క నిలువబెట్టి చూడవలెను. తెరమీదను ఆ మనిషి ఎడమవైపే కనబడవలెను. లేనిచో తొందరలో స్టీరింగు తప్పుగా త్రిప్పుదురు. దమ్ము బురద, గడ్డి దుమ్ము కెమెరా కంటిని కప్పును. కావున ప్రతిదినము నీటితో కడిగి, మెత్తని గుడ్డతో తుడువవలెను.

వరికోత యంత్రము

చక్రముల కోత యంత్రము వెనుక చక్రములతో మలుపు తిరుగును. ముందుభాగము కుడికి తిరిగిన, తోక ఎడమకు విసరును. ప్రక్కన గడ్డి ఎత్తు కూలీలకు ఇది తెలియదు. కావున యంత్రమునకు వెనుక కెమెరాయు, ప్రక్క అద్దములును రెండును కావలెను.

మరువరాని సంగతి

ట్రక్కు వెనుక బిగించిన కెమెరా, ట్రాక్టరుకును ట్రక్కుకును నడుమ నిలిచి కొక్కెము తగిలించు మనిషిని చూపదు; ట్రక్కు క్రింద దూరిన పిల్లవానినీ చూపదు. అందుచే బయలుదేరుటకు ముందు దిగి ఒకమారు బండి చుట్టు తిరుగవలెను. ఇరుకు వీధిలోను, గట్టుమీదను డ్రైవరుకు కనబడునట్లు ఒక మనిషిని నిలుపవలెను. ఆ మనిషి అద్దములో కనబడకపోయిన తోడనే బండి ఆపవలెను. మొదట అద్దములు, వీలైనపుడు కెమెరా, ఎల్లప్పుడును మనిషి – ఈ వరుస తప్పరాదు.