తోలుబొమ్మ, దీపం, పాట

కలకత్తాలో శీతకాలం వచ్చిందంటే హస్తకళల సంతలు ఆరంభమవుతాయి. కొన్నేళ్ల క్రిందట అటువంటి ఒక సంతలో ఒక వంగకవి మిత్రునితో కలిసి తిరుగుతూ, నిమ్మలకుంట తోలు ల్యాంప్‌షేడ్లు అమ్మే అంగడి ముందు ఆగాను. వెలుగుతున్న తోలుపై ఒక స్త్రీమూర్తి. ఆమె కంఠాన, నడుమున, జడ పొడవునా సన్నని చిల్లులు. "ఈ చిల్లులకు అర్థమేమిటి?" అని మిత్రుడు అడిగారు. "అవి నగలు" అన్నాను. జవాబు తప్పు కాదు. కాని ఇల్లు చేరకముందే అది చాలదని తోచింది. చాలకపోవడానికి కారణం వెదకడమే ఈ వ్యాసోద్దేశం.

ముందుగా వస్తువును పరిశీలిద్దాము. నిమ్మలకుంట ధర్మవరం సమీపంలోని గ్రామం. 2022 వరకు అనంతపురం జిల్లాలో ఉండి, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. అక్కడి కళాకారులు మేకతోలును శుభ్రంచేసి, రోమం తీసి, గీకి, బిగదీసి ఆరబెడతారు. ఇట్లు సిద్ధమైన తోలుకూ, చెప్పులకు వాడే తోలుకూ పోలిక లేదు. దీని గుండా వెలుగు ప్రసరిస్తుంది. దానిపై రూపురేఖలు గీసి, చెక్కమొద్దు మీద పరచి, చిన్న చిన్న ఉలులతో రంధ్రాలు కొడతారు. వాటిలో గుండ్రనివీ, చంద్రవంక వంటివీ, ఆకు వంటివీ ఉంటాయి. తరువాత రెండు వైపులా రంగులు వేసి, చేతులు, కాళ్లు విడివిడిగా కదిలేటట్లు కీళ్ల వద్ద దారంతో ముడివేస్తారు. పూర్వం దేవతాపాత్రలకు జింకతోలు వాడేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో అది నిషిద్ధమైనది.

ఇక్కడ ఒక విశేషం గమనింపదగినది. తోలును అలంకరించడమంటే సాధారణంగా దానిపై మరొక పదార్థాన్ని చేర్చడం. మన బొమ్మలోనో, నగ పెట్టవలసిన చోట తోలునే తొలగిస్తారు. ఆభరణమంతా ఖాళీయే.

ఈ భేదం స్పష్టపడడానికి ఉత్తర అమెరికా మైదానాలలోని లకోటా జాతి స్త్రీల పనితనం ఉపకరిస్తుంది. వారు తోలు పాదరక్షలపై, దుస్తులపై, చంటిబిడ్డల తొడుగులపై పూసలు కుట్టడంలో ప్రసిద్ధులు. అంతకు పూర్వం ముళ్లపంది ముళ్లకు రంగువేసి అదే విధంగా అమర్చేవారు. గాజుపూసలు ఐరోపా నుంచి వర్తకుల ద్వారా వారికి చేరాయి. ఆ కుట్టుపనిలోని ఆకృతులకు అర్థమేమిటని న్యూయార్కులోని మ్యూజియంలో పనిచేసిన క్లార్క్ విస్లర్ అనే పండితుడు విచారించి, 1904లో తన పరిశీలనలు ప్రకటించాడు. ఒకే ఆకృతికి వేరువేరు వ్యక్తులు వేరువేరు అర్థాలు చెప్పడం ఆయన గమనించాడు. అనగా, ఈ పదానికి ఈ అర్థమని నిఘంటువు చెప్పినట్లు పూసల ఆకృతికి అర్థం చెప్పడం సాధ్యం కాదు. ఆ అర్థం కుట్టినవారి మనస్సులోను, తొడిగినవారి జీవితంలోను ఉంటుంది.

మన చిల్లుకు కూడా ఈ న్యాయమే వర్తిస్తుంది. పగటిపూట గోడకు ఆనించిన బొమ్మలో అది వట్టి రంధ్రం. తెర వెనుక దీపం వెలిగినప్పుడు అదే కంఠహారమవుతుంది, వడ్డాణమవుతుంది. ఆ హారం ధరించినది ఎవరో, ఏ ఘడియలో ధరించినదో, ఎందుకు తీసివేసినదో చెప్పవలసినది పాట. అశోకవనంలో సీతను చూపినప్పుడు ఆమె దుఃఖం తోలులో లేదు. పాడేవాని గొంతులో ఉన్నది. యుద్ధఘట్టంలో బొమ్మలకు బలమిచ్చేది చెక్కపలకలపై తొక్కే పాదాల చప్పుడు. నా మిత్రునికి నేను చెప్పిన జవాబులో దీపం ఉన్నది, పాట లేదు.

ఆ పాట సామాన్యమైనది కాదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో బొమ్మలాటలను పేర్కొన్నాడు. రంగనాథ రామాయణ ద్విపదలు ఈ ఆటగాళ్ల నోట తరతరాలుగా నడిచాయి. నిమ్మలకుంట కళాకారుల ఇంటిభాష మరాఠీకి చెందిన ఒక మాండలికం. తెర వెనుక మాత్రం తెలుగు. ఇంట ఒక భాష, ఆటలో మరొక భాష కలిగి, తెలుగు కావ్యాన్ని కంఠస్థం చేసి ఊరూరా వినిపించినవారి ముందు మావంటి అనువాదకులు వినయంతో నిలువవలసి ఉంటుంది. పద్యాల నడుమ బంగారక్క, కేతిగాడు, జుట్టుపోలిగాడు ప్రవేశించి, ఏ పుస్తకంలోను లేని మాటలతో జనాన్ని నవ్విస్తారు. ఆ హాస్యం మోటుదని పండితులు ముఖం చిట్లించవచ్చును. కాని ఊరి నిత్యవ్యవహారంలోని తెలుగు రామకథ ప్రక్కన చేరి కూర్చున్నది అక్కడే.

సినిమా, టెలివిజన్ వచ్చిన పిమ్మట తెల్లవార్లూ జరిగే ఆటలకు ఆదరణ తగ్గింది. కళాకారులు ల్యాంప్‌షేడ్లు, గోడపటాలు చేసి బ్రతుకుతున్నారు. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ లభించింది. ఈ కళకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇవి సంతోషించదగిన విషయాలు. ల్యాంప్‌షేడును నిందించడం అన్యాయం. అది అన్నం పెట్టింది, ఉలి పట్టే చేతిని నిలబెట్టింది. అయినను ఒక్క మాట చెప్పక తప్పదు. ల్యాంప్‌షేడులో తోలు ఉన్నది, దీపమూ ఉన్నది. లేనిది పాట ఒక్కటే.

వంగదేశంలో ఇటువంటి కళయే మరొక దారి పట్టింది. మేదినీపూర్ ప్రాంతంలో పింగ్లా సమీపాన నయా అనే గ్రామం ఉన్నది. అక్కడి పటువాలు చుట్టిన చిత్రపటాన్ని విప్పుతూ కథ పాడతారు. వారు కూడా నేడు గొడుగులపై, వస్త్రాలపై బొమ్మలు వేసి అమ్ముతున్నారు. అయినా పటంతోపాటు పాట నిలిచి ఉన్నది. ఆ పాటకు అక్షరరూపం ఇచ్చినవారిలో ముఖ్యుడు గురుసదయ్ దత్. ప్రభుత్వోద్యోగిగా జిల్లాలలో తిరుగుతూ ఆయన పటాలను సేకరించాడు. పాటలను కూడా వ్రాసుకున్నాడు. కలకత్తా విశ్వవిద్యాలయం 1939లో వాటిని 'పటువా సంగీత్' పేరుతో ప్రచురించింది. ఆయన సేకరణ ఆధారంగానే కలకత్తా శివారు జోకాలో ఒక మ్యూజియం ఏర్పడింది. పటం మ్యూజియంలో చేరింది. పాట సాహిత్యంలో చేరింది.

తోలుబొమ్మలాటపై మన పండితులు శ్రమించకపోలేదు. మొదలి నాగభూషణశర్మ గారి గ్రంథం ఇందుకు నిదర్శనం. అయితే ఈ పనిని నాటకరంగ పరిశోధకులకే విడిచిపెట్టడం రచయితలకు న్యాయం కాదు. పాడగలిగినవారు ఉన్నంతలోనే పూర్తి ఆటలను, పద్యమూ వచనమూ హాస్యమూ ఏదీ విడువకుండా, పలికినది పలికినట్లు వ్రాసుకోవాలి. అచ్చుప్రతితో సరిచూసి దిద్దరాదు. పాడేవాడు కావ్యాన్ని దాటి వెళ్లిన చోటనే అతని కవిత్వం కానవస్తుంది. ఇందుకు ఉలి పట్టడం రానక్కరలేదు. వినడం, వ్రాయడం వస్తే చాలును. ఆ రెండూ మన వృత్తులే.

చిల్లుల అర్థం అడిగిన మిత్రునికి నేను ఇంకా సగం జవాబు బాకీ ఉన్నాను. మళ్లీ కలిసినప్పుడు ఆయనకు ఇవ్వవలసినది మరొక ల్యాంప్‌షేడు కాదు, ఒక రాత్రి ఆట పూర్తి పాఠం, వంగభాషలో.