ప్రచార ఫలితానికీ కంట్రోల్ మడి అవసరమే

చిరుధాన్యాల పిండి విక్రయించే ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘం సంక్రాంతికి ముందు ఆరు గ్రామాలలో ఆటోకు మైకు కట్టి ప్రచారం చేసిందనుకుందాం. వారపు అమ్మకం 200 పొట్లాల నుండి 290కి పెరిగింది. ఈ 90 పొట్లాలూ ప్రచార ఫలితమేనని నివేదించడం, ఎరువు వేయని మడి లేకుండానే ఎరువు ప్రభావాన్ని ప్రకటించడం వంటిది. మన ప్రదర్శనా క్షేత్రాల నివేదికలలోనూ ఈ లోపం అరుదేమీ కాదు.

1919లో రొథామ్‌స్టెడ్‌లో చేరిన ఆర్.ఎ. ఫిషర్ క్షేత్ర ప్రయోగాలకు రూపొందించిన సూత్రాలు ఇక్కడా వర్తిస్తాయి. గత అమ్మకాలను బట్టి పన్నెండు గ్రామాలను ఆరు జతలుగా విభజించి, ప్రతి జతలో ప్రచారం ఎక్కడ జరగాలో చీటీ తీసి నిర్ణయించాలి. ఎంపికను నిర్వాహకులకు వదిలితే బాగా అమ్ముడయ్యే గ్రామాలనే చూపుతారు. సారవంతమైన మడిని కొత్త వంగడానికే కేటాయించినట్లవుతుంది. మైకు వినిపించే పొరుగు గ్రామం కంట్రోల్‌గా పనికిరాదు. అంచు వరుసల దిగుబడిని మనం లెక్కలోకి తీసుకోము కదా!

ప్రచారం లేని ఆరు గ్రామాలలోనూ అమ్మకం 200 నుండి 260కి పెరిగిందనుకుంటే, ప్రచారం వల్ల అదనంగా వచ్చినవి 30 పొట్లాలే. పొట్లానికి మిగులు 12 రూపాయలైతే మొత్తం 360 రూపాయలు. ఇది ఆటో అద్దెకైనా చాలదు. అయితే ఒక్క వారంతో తీర్పు చెప్పరాదు. కొత్త కొనుగోలుదారులు తిరిగి వస్తే లాభం పెరుగుతుంది. పాతవారే ముందుగా కొని ఉంటే తరువాతి వారాలలో అమ్మకం తగ్గుతుంది. కనుక రెండు సముదాయాలలోనూ కనీసం మరో నాలుగు వారాలు లెక్క కొనసాగించాలి.