తొలినాళ్ల సైనిక హెలికాప్టరు

విమానము నేలపై కొంతదూరము పరుగెత్తి, వేగమును సంపాదించినగాని పైకి లేవజాలదు. దాని రెక్కలు కదలకుండ బిగింపబడి యుండుటయే యిందుకు కారణము. గాలి వానిపై వేగముగా ప్రవహించినప్పుడే పైకెత్తు బలము పుట్టును. హెలికాప్టరునందు రెక్కలే గిఱ్ఱున తిరుగుచు గాలిని కోయుచుండును. కావున నది నిలిచిన చోటనుండియే నిట్టనిలువుగా లేచును. ఆకాశమున నొకచోట నిలువగలదు. వెనుకకును ప్రక్కలకును పోగలదు.

ఇట్టి యంత్రమును నిర్మించుటలో రెండు చిక్కులు గలవు. ముందునకు పోవునప్పుడు ఒక ప్రక్కనున్న రెక్క గాలి కెదురుగను, రెండవ ప్రక్కనున్న రెక్క గాలితోబాటుగను తిరుగును. అందుచే ఒక ప్రక్క బలము హెచ్చి యంత్రము ఒరిగిపోవును. స్పెయిను దేశీయుడగు జువాను డి లా సియెర్వా రెక్కల మొదట కీళ్లనమర్చి, అవి పైకిని క్రిందికిని ఆడునట్లు చేసి, 1923లో తన ఆటోజైరోనందు ఈ చిక్కును తీర్చెను.

రెండవది న్యూటను సూత్రమునుండి కలిగినది. పడవలో కూర్చుండి ప్రక్కపడవను త్రోసినచో మన పడవయు వెనుకకు జరుగును గదా! అట్లే ఇంజను రెక్కలను ఒక దిక్కునకు త్రిప్పగా, యంత్రపు దేహము ఎదురుదిక్కునకు తిరుగజూచును. 1936లో జర్మనీలో ఎగిరిన ఫోకె యంత్రమునకు ఎదురెదురుగా తిరుగు రెండు చక్రముల రెక్కలుండెను. కీవు నగరమున జన్మించి అమెరికాకు వలసపోయిన ఐగరు సికోర్‌స్కీ పైన ఒకే పెద్ద రెక్కల చక్రము నుంచి, తోకయందు చిన్నదానిని నిలువుగా అమర్చెను. ఆ చిన్నదే దేహము తిరుగకుండ ఆపును. ఆయన ప్రయోగయంత్రము 1939 సెప్టెంబరు 14న త్రాళ్లతో కట్టబడియే నేలను విడిచెను.

దానినుండి పుట్టిన ఆర్-4 అను సైనిక హెలికాప్టరు 1942 జనవరి 14న మొదట ఎగిరెను. ఆ మే నెలలో స్ట్రాట్‌ఫర్డునుండి ఒహాయో రాష్ట్రమునందలి రైట్ ఫీల్డునకు సుమారు 760 మైళ్లు మజిలీలుగా అయిదు దినములలో చేరెను. అందు నడుపువాడు గాక మఱియొక్కనికే చోటు.

1944 ఏప్రిలులో బర్మా అడవులయందు గాయపడిన ముగ్గురు బ్రిటిషు సైనికులను మోయుచున్న చిన్న విమానము శత్రువుల వెనుక కూలెను. విమానము దిగుటకు అచట తావు లేదు. అస్సాములోని లాలాఘాటునుండి వచ్చిన లెఫ్టినెంటు కార్టరు హార్మను ఆర్-4తో అచటికేగెను. వేడిగాలి పలుచన యగుటచే రెక్కలు పట్టు బలము తగ్గును. ఇంజను శక్తియు సన్నగిల్లును. కావున తడవకు ఒక్కనినే యెత్తుకొని, నదిలోని ఇసుకతిన్నెకు చేర్చుచుండెను. ఇద్దరిని చేర్చునప్పటికి ఇంజను మితిమీరి వేడెక్కెను. రాత్రి యాగి, మఱునాటి ఉదయమున మిగిలిన గాయపడినవానిని, తుదకు కూలిన విమానపు చోదకుని తెచ్చెను. యుద్ధరంగమున హెలికాప్టరు మనుష్యులను కాపాడుట యిదియే మొదలు.

1945లో మొదట ఎగిరిన బెల్ 47 యొక్క సైనికరూపమునకు బయట రెండు ప్రక్కల డోలీలను బిగించి, కొరియా యుద్ధమున (1950–53) క్షతగాత్రులను వైద్యశిబిరములకు చేర్చిరి.

విద్యార్థులారా, ఆ చిన్నయంత్రము బరువులు మోయజాలకపోయెను, దూరములు దాటజాలకపోయెను. అయినను ఇతర వాహనము చేరజాలని చోటికి చేరెను. ఆపదలోనున్న నలుగురికి కావలసినదియు నదియే.