నియమం ఎక్కడ ఆగాలి? గ్రూప్ పాలసీ కథ

ఒక కంపెనీలో నాలుగు వేల కంప్యూటర్లుంటే వాటన్నిటికీ ఒకే నియమం పెట్టడం అంత కష్టమేమీ కాదు. కష్టమంతా ఆ నియమం ఎవరి దాకా వెళ్లాలో తేల్చడంలో ఉంది. అకౌంట్స్ విభాగం కోసం పెట్టిన కట్టడి ఫ్యాక్టరీలో తూకం యంత్రానికి కలిపిన కంప్యూటర్ మీద పడకూడదు. రిసెప్షన్‌లో పదిమందీ వాడే కంప్యూటర్‌కు విధించిన నిషేధం ఇంజనీరు ల్యాప్‌టాప్‌ను తాకకూడదు. ఇవాళ పెట్టిన నియమాన్ని రేపు ఎత్తేస్తే కంప్యూటర్ మళ్లీ పూర్వస్థితికి రావాలి. ఈ మూడూ తీర్చడానికి మైక్రోసాఫ్ట్ 2000 ఫిబ్రవరిలో విండోస్ 2000తో పాటు తెచ్చిన ఏర్పాటు పేరు గ్రూప్ పాలసీ. ఆఫీసు కంప్యూటర్‌లో వాల్‌పేపర్ మార్చుకోనివ్వనిది, పెన్‌డ్రైవ్ పెట్టనివ్వనిది చాలాచోట్ల ఇదే. అందుకే దీన్ని పెత్తనానికి పుట్టిన పనిముట్టుగా చూస్తారు. దాని పుట్టుకను, పెరుగుదలను, దెబ్బతిన్న సందర్భాలను వరసగా చూస్తే నాకు వేరే సంగతి కనిపిస్తుంది. నియమాన్ని అందరికీ చేరవేయడం అంతకుముందే తెలుసు. దానికి హద్దు గీయడం, గీసిన హద్దును చెరిపి మళ్లీ గీయగలగడం ఈ ఆవిష్కరణ సాధించిన అసలు పని.

విండోస్ 2000కు ముందున్న ఎన్‌టీ 4.0ను చూస్తే ఈ సంగతి తేటపడుతుంది. 1996లో వచ్చిన ఆ వ్యవస్థలో సిస్టమ్ పాలసీ అనే ఏర్పాటు ఉండేది. సర్వర్‌లో ఒకే ఒక్క పాలసీ ఫైలు, మనిషి లాగిన్ అయినప్పుడు కంప్యూటర్ దాన్ని చదువుకునేది. ఉద్యోగులను గ్రూపులుగా విడదీసి తలా ఒక నియమం పెట్టే వీలు అందులో ఉంది గానీ, కంప్యూటర్లను గ్రూపు చేసే వీలు లేదు. పెడితే అన్నిటికీ ఒకటే పెట్టాలి, లేదా ఒక్కొక్క కంప్యూటర్ పేరూ విడిగా రాయాలి. రెండో లోపం ఇంకా గట్టిది. ఆ పాలసీ, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో, మామూలు సెట్టింగులుండే చోటే రాసేసేది. తరువాత పాలసీ ఎత్తేసినా రాసిన గీత అక్కడే పచ్చబొట్టులా ఉండిపోయేది. దాన్ని పోగొట్టాలంటే వ్యతిరేకమైన ఇంకో పాలసీ రాసి పంపాలి. అంటే ఏ ప్రయోగం చేసినా శాశ్వతమే. ఇలాంటి చోట జాగ్రత్తగల అడ్మిన్ ఏం చేస్తాడు? నియమాలు పెట్టడమే మానేస్తాడు.

అదే కాలంలో యూనిక్స్ లోకంలో ఇదే ప్రశ్నకు మరో జవాబు తయారైంది. 1993లో ఆస్లో విశ్వవిద్యాలయంలో సైద్ధాంతిక భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తున్న మార్క్ బర్జెస్ సీఎఫ్ఇంజిన్ అనే ప్రోగ్రాం రాశాడు. రకరకాల యూనిక్స్ యంత్రాలకు రకరకాల స్క్రిప్టులు రాసుకునే బాధ తప్పించడం దాని ఉద్దేశం. అందులో యంత్రం తనను తాను పరిశీలించుకుని, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ నడుపుతున్నానో, పేరేమిటో, ఇప్పుడు వేళ ఎంతో చూసుకుని, తాను ఏ తరగతులకు చెందుతుందో తేల్చుకుంటుంది. ఆ తరగతికి రాసిన నియమాలే పాటిస్తుంది. పైనుంచి చెప్పేది ‘ఈ పని చెయ్యి’ అని కాదు, ‘నువ్వు ఈ స్థితిలో ఉండాలి’ అని. ఇప్పటికే ఆ స్థితిలో ఉంటే చేయవలసిందేమీ లేదు, తప్పితే సరిదిద్దుకుంటుంది. గ్రూప్ పాలసీ దీని నుంచి పుట్టిందని నేననను. ఒకే కష్టం ఎదురైనప్పుడు రెండు వేర్వేరు లోకాలు ఒకే దిక్కుగా నడిచాయి. నియమాన్ని స్థితిగా రాయడం, యంత్రమే వచ్చి దాన్ని తీసుకోవడం, యంత్రం ఏ గుంపుదో చూసి వర్తింపజేయడం రెండిటిలోనూ ఉన్నాయి.

విండోస్ 2000 చేసిన మార్పును కొంచెం నిదానంగా చూడాలి. దాంతో వచ్చిన యాక్టివ్ డైరెక్టరీ అనే పట్టికలో కంప్యూటర్లను, ఉద్యోగుల ఖాతాలను ఒకదానిలో ఒకటి ఒదిగే విభాగాలుగా అమర్చవచ్చు. పాలసీని విడిగా రాసి, దాన్ని ఒకచోటి నెట్‌వర్క్ అయిన సైటుకో, ఒకే పట్టిక కింద ఉన్న మొత్తం డొమైన్‌కో, ఒక విభాగానికో తగిలిస్తారు. వర్తించే వరస కూడా అదే: ముందు ఆ కంప్యూటర్ సొంత పాలసీ, తరువాత సైటుది, ఆపైన డొమైన్‌ది, చివరికి విభాగానిది. రెండు నియమాలు పొసగకపోతే చివర వచ్చినదే నిలుస్తుంది. అంటే మామూలుగా కంప్యూటర్‌కు దగ్గరగా ఉన్న విభాగం మాటే చెల్లుతుంది. పెత్తనం కోసమే కట్టిన యంత్రాంగమైతే ఈ వరస తలకిందులుగా ఉండాలి కదా! పైవాళ్లు తమ మాటే నెగ్గాలనుకుంటే ‘ఎన్‌ఫోర్స్‌డ్’ అని ప్రత్యేకంగా గుర్తు పెట్టాలి. ఒకే విభాగంలో కొన్ని కంప్యూటర్లకే వర్తించాలంటే వాటిని ఒక సెక్యూరిటీ గ్రూపులో చేర్చి, ఆ గ్రూపుకే పాలసీ వర్తించే హక్కు ఇవ్వాలి. పాలసీల కోసం రిజిస్ట్రీలో విడిగా కొన్ని చోట్లు కేటాయించారు. మామూలు ఉద్యోగి వాటిలో రాయలేడు. పాలసీ తొలగిస్తే అక్కడ రాసినదీ పోతుంది. పచ్చబొట్టు బాధ అలా తీరింది. ఇక ప్రతి కంప్యూటరూ 90 నిమిషాలకోసారి, దానికి సున్నా నుంచి 30 నిమిషాల దాకా ఎంతో కొంత కలుపుకుని, సర్వర్‌ను అడుగుతుంది: నా పాలసీలలో ఏమైనా మారిందా? ఆ అదనపు నిమిషాలు ఎందుకంటే వేల కంప్యూటర్లు ఒకే క్షణాన సర్వర్ మీద విరుచుకుపడకుండా. చిన్న వివరమే, కానీ దీన్ని కట్టినవాళ్ల ఆలోచన అందులో నాకు బాగా తెలుస్తుంది.

దీని మీద మొదటి ఆక్షేపణ సంక్లిష్టత గురించి. సైటు, డొమైన్, విభాగం, గ్రూపు, వాటిపైన మినహాయింపులు. ఇన్ని పొరలు కలిశాక ఒక కంప్యూటర్‌కు చివరికి ఏది వర్తించిందో మనిషికి అంతుపట్టదు. ఇది న్యాయమైన ఆక్షేపణే. 2016 జూన్‌లో ఒక భద్రతా సవరణ వచ్చింది. అప్పటిదాకా ఉద్యోగికి చెందిన పాలసీలను కంప్యూటర్ ఆ ఉద్యోగి హక్కులతోనే తెచ్చుకునేది. సవరణ తరువాత కంప్యూటర్ హక్కులతో తెచ్చుకోవడం మొదలైంది. పాలసీని ఒక చిన్న గ్రూపుకే పరిమితం చేయాలని, లాగిన్ అయిన అందరికీ మామూలుగా ఉండే చదివే హక్కును తీసేసిన అడ్మిన్ల పాలసీలు ఒక్కసారిగా, ఏ హెచ్చరికా లేకుండా, పనిచేయడం మానేశాయి. అయితే ఈ చిక్కు హద్దులు ఉండడం వల్ల వచ్చిందా, హద్దులు కనబడకపోవడం వల్ల వచ్చిందా? రెండోదే అంటాను. అన్ని పొరలూ కలిశాక మిగిలే ఫలితాన్ని చూపించే సాధనం విండోస్‌లో భాగంగా 2001లో ఎక్స్‌పీతో గానీ రాలేదు. పాలసీలన్నిటినీ ఒకే చోట చూసే కన్సోల్ 2003 దాకా ఆగింది. గీసిన గీతలను చూపించే అద్దం అంత ఆలస్యంగా ఇవ్వడం తయారీదారు లోపం. గీతలే వద్దనడానికి అది కారణం కాదు.

రెండో ఆక్షేపణ ఇంకా బరువైనది. ఒక్క చోటి నుంచి వేల కంప్యూటర్లను మార్చగలిగే తాళంచెవి దొంగ చేతిలో పడితే? పడింది కూడా. 2021లో లాక్‌బిట్ 2.0 అనే రాన్సమ్‌వేర్, డొమైన్ సర్వర్ చేజిక్కాక తానే కొత్త గ్రూప్ పాలసీలు సృష్టించి నెట్‌వర్క్ అంతా పాకేది. 2022 మార్చిలో ఉక్రెయిన్‌లో డేటాను తుడిచిపెట్టిన క్యాడీవైపర్‌ను కూడా గ్రూప్ పాలసీ ద్వారానే వదిలారని ఈసెట్ సంస్థ పరిశోధకులు బయటపెట్టారు. అంతకుముందు నుంచీ ఉన్న ఇంకో తప్పు ఉంది. 2008 నుంచి పాలసీలలో పాస్‌వర్డ్ పెట్టే వీలిచ్చారు. దాన్ని గుప్తీకరించినా, విప్పే తాళంచెవిని మైక్రోసాఫ్టే తన సాంకేతిక పత్రాల్లో అచ్చువేసింది. ఆ ఫైళ్లను డొమైన్‌లో ఏ ఉద్యోగి అయినా చదవవచ్చు. ఆ వీలును 2014 మేలో గానీ మూయలేదు. ఈ ప్రమాదాలు నిజం, వాటిని తక్కువ చేయడం తగదు. అయితే ఈ మూడింటిలోనూ దెబ్బ తగిలిన చోటు గమనించాలి. కిందికి వెళ్లే నియమాలకు హద్దులున్నాయి. నియమాలు రాసే చేతులకు, రాసినవి చదివే కళ్లకు హద్దులు లేవు. డొమైన్ అడ్మిన్ ఖాతాతో మామూలు ల్యాప్‌టాప్‌లలో లాగిన్ అవకూడదనే కట్టుబాటు ఈ లోటు పూడ్చడానికే వచ్చింది. దాన్ని అమలు చేసేదీ మళ్లీ గ్రూప్ పాలసీయే.

హద్దు లేకుండా పంపితే ఏమవుతుందో 2024 జూలై 19న లోకమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ పంపిన లోపభూయిష్టమైన ఒక చిన్న ఫైలు వల్ల దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు కుప్పకూలాయని మైక్రోసాఫ్ట్ అంచనా. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇవ్వవలసి వచ్చింది. క్రౌడ్‌స్ట్రయిక్ వాడే కంపెనీలు తమ కంప్యూటర్లను గ్రూపులుగా విడదీసి, కొన్నిటికి కొత్త వెర్షన్, కీలకమైన వాటికి ఒకటి రెండు వెర్షన్ల పాతది అని పాలసీలు పెట్టుకునే ఏర్పాటు అప్పటికే ఉంది. కానీ ఆ పాలసీలు సాఫ్ట్‌వేర్ వెర్షన్లకే వర్తించేవి. ఆ రోజు వచ్చిన రకం ఫైళ్లు వాటిని దాటుకుని నేరుగా అందరికీ వెళ్లేవి. ఫైలు విడుదలైంది 04:09 గంటలకు, వెనక్కి తీసుకున్నది 05:27కు, గ్రీనిచ్ కాలమానంలో. ఆ 78 నిమిషాల్లో మొదట ఒక చిన్న గ్రూపుకే అది చేరి ఉంటే నష్టం అక్కడితో ఆగేది. తరువాత ఆ సంస్థ ఇచ్చిన హామీ కూడా అదే: ఇకపై ఈ ఫైళ్లనూ అంచెలంచెలుగా పంపుతాం, ఎప్పుడు ఎక్కడ దిగాలో కంపెనీల చేతికే ఇస్తాం.

ఇక గ్రూప్ పాలసీ కాలం చెల్లిందనే మాట. ఇంటి నుంచి పనిచేసే ల్యాప్‌టాప్ ఆఫీసు సర్వర్‌ను చూడకుండా నెలలు గడుపుతుంది కాబట్టి కంపెనీలు ఇంట్యూన్ లాంటి క్లౌడ్ ఏర్పాట్ల వైపు వెళ్తున్నాయి. ఆ కారణం సరైనదే, వెళ్లక తప్పదు. పొసగని రెండు సెట్టింగులు ఎదురైతే చడీచప్పుడు లేకుండా ఒకదాన్ని ఎంచుకోకుండా, తగువు ఉందని ఇంట్యూన్ చూపిస్తుంది. అది మెరుగే. కానీ అక్కడ ఒకదానిలో ఒకటి ఒదిగే విభాగాలు లేవు, ఉన్నవి గ్రూపులే. కొత్త పాలసీ ఉందేమోనని విండోస్ యంత్రం తనంతట తాను అడిగేది సుమారు ఎనిమిది గంటలకోసారి. నన్ను బాగా కలవరపెట్టేది ఇంకోటి: కొన్ని సెట్టింగుల విషయంలో, ఇంట్యూన్‌లో పాలసీని గ్రూపు నుంచి తొలగించినా యంత్రంలో పాత విలువ అలాగే మిగిలిపోతుంది. ఏది పోతుందో, ఏది మిగులుతుందో సెట్టింగును బట్టి ఉంటుంది. 1996 నాటి జబ్బు, 2000లో నయమైన జబ్బు, ఇదే. కంపెనీని క్లౌడ్‌కు మార్చే అడ్మిన్ ముందుగా పరీక్షించవలసింది కొత్త నియమం పడుతోందా అన్నది కాదు. నాలుగు కంప్యూటర్లున్న ఒక గ్రూపుకు దాన్ని పెట్టి, తీసేసి, మర్నాడు వాటిలో ఏం మిగిలిందో తెరిచి చూడాలి.