ఇంట్లో రికార్డింగుకు హెడ్‌ఫోన్లు కొనేముందు

మన ఇళ్ళలో పెద్దవాళ్ళ నోటనే మిగిలిన పాటలు ఇంకా కొన్ని ఉన్నాయి. బరంపురంలో మా అమ్మగారికి అప్పగింతల పాటలు, మంగళహారతులు కలిపి ముప్ఫైకి పైగా వచ్చు. ఆవిడకిప్పుడు ఎనభై రెండేళ్ళు. ఆ పాటలు ఇంట్లోనే రికార్డు చేద్దామని నిరుడు ఒక మైకు, దాన్ని కంప్యూటరుకు కలిపే చిన్న పెట్టె కొన్నాను. హెడ్‌ఫోన్లు మాత్రం ఏవైనా ఒకటేలే అనుకున్నాను. ఉద్యోగమంతా అప్పు కాగితాలు పరిశీలించినవాణ్ణి, ఇక్కడ పరిశీలన లేకుండానే సంతకం పెట్టేశాను.

మొదట మా అమ్మాయి వాడే బ్లూటూత్ హెడ్‌ఫోన్లు అమ్మకు పెట్టాం. ఒక పల్లవి పాడి ఆపేసింది. "ఒరే, నా గొంతు నాకే వెనకాల నుంచి వస్తోందిరా" అంది. తీగ లేని హెడ్‌ఫోన్లలో శబ్దం సెకనులో పదో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ఆలస్యమవుతుంది. పాట వినడానికి అది అడ్డు కాదు. పాడేవారికి మాత్రం తాళం తప్పుతుంది. కాబట్టి రికార్డింగుకు తీగ ఉన్నవే కొనండి.

రెండోసారి మా అల్లుడు తన ఖరీదైన హెడ్‌ఫోన్లు ఇచ్చాడు. అవి వెనకభాగం జాలీలా తెరిచి ఉండే రకం, ఓపెన్ బ్యాక్ అంటారు. వినడానికి ఎంతో హాయిగా ఉంటాయి. కానీ లోపల మోగే తంబూర బయటికీ వినిపిస్తుంది, మైకులోనూ పడుతుంది. ఒక అప్పగింతల పాట మధ్యలో అమ్మకు దగ్గు వచ్చింది. తరవాత ఆ దగ్గు ముక్క కత్తిరిస్తే, గొంతుతో పాటు తంబూర కూడా తెగి, పాట అక్కడ ఎగిరిపడినట్టయింది. మళ్ళీ పాడించుకుందాంలే అనుకుని మూడు నెలలు గడిపాను. అడిగేసరికి రెండో చరణం ఆవిడకు గుర్తుకు రాలేదు. ఇప్పటికీ రాలేదు. మా దగ్గరున్నది ఆ దెబ్బతిన్న రికార్డింగు ఒక్కటే.

పాడేవారికి వెనకభాగం మూసి ఉండే క్లోజ్డ్ బ్యాక్ రకమే కావాలి. సోనీ ఎం.డి.ఆర్-7506 అనేది 1991 నుంచి స్టూడియోల్లో నలుగుతున్న సరుకు. ఆడియో టెక్నికా ఎ.టి.హెచ్-ఎం40ఎక్స్ కూడా ఈ రకమే, దాని తీగ ఊడదీసి మార్చుకోవచ్చు. మా వేసవిలో ఫ్యాను ఆపి, చెవులు మూసుకుని పాడితే చెమటలు తప్పవు. అందుకే రెండు పాటలకొకసారి విరామం ఇస్తున్నాం. చెవి గద్దెలు విడిగా దొరుకుతాయో లేదో కొనేటప్పుడే అడగండి, ముందు పాడయ్యేది అవే.

ఇక మిక్సింగు, అంటే గొంతు, తంబూర, తాళం పాళ్ళు కుదర్చడం. సరదాగా వినడానికి చేసిన హెడ్‌ఫోన్లు చాలావరకు బేసును పెంచి వినిపిస్తాయి. లాభం పెంచి చూపిన బ్యాలెన్స్ షీటు లాంటివన్నమాట. వాటిని నమ్మి నేను తంబూర బాగా తగ్గించాను. విశాఖలో మా చెల్లెలి కారులో పెడితే తంబూర ఉందా లేదా అన్నట్టుంది! ఈ పనికి ఉన్నది ఉన్నట్టు వినిపించేవి కావాలి. గది నిశ్శబ్దంగా ఉంటే ఓపెన్ బ్యాక్ ఇక్కడ పనికొస్తుంది. 1997లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్.డి.600కు ఇందులో మంచి పేరుంది. అయితే అది 300 ఓమ్‌ల సరుకు, చిన్న పెట్టెలు, ఫోన్లు దానికి చాలినంత బలం ఇవ్వలేకపోవచ్చు. సోనీది 63 ఓమ్‌లు, ఆడియో టెక్నికాది 35, వాటితో ఆ పేచీ లేదు. రెండు జతలు కొనే స్తోమత లేకపోతే క్లోజ్డ్ బ్యాక్ ఒక్కటే కొని రెండు పనులకూ వాడుకోండి. నేనిప్పుడు చేస్తున్నదదే.

ఏది కొన్నా అందులో విన్నదే తీర్పు అనుకోకండి. స్పీకర్ల ముందు కూర్చుంటే ఎడమవైపు శబ్దం కుడి చెవికీ చేరుతుంది, హెడ్‌ఫోన్లలో చేరదు. అందుకని ఫోనులో, కారులో కూడా విని సరిచూసుకోవాలి. వయసుతో పై స్థాయి శబ్దాలు ముందుగా తగ్గుతాయన్నది ఇంకో చిక్కు. నాకు సరిగ్గా ఉందనిపించిన తాళం మా అమ్మాయికి చెవిలో గుచ్చుకుందట. ఇప్పుడు ట్రెబుల్ సంగతి తనకే వదిలేశాను. వచ్చే ఆదివారం పదిహేడో పాట.